ఇరవయ్యారు దగ్గర ఆగిన కౌంటరు

నేను ఒక చేతి కౌంటరును. గుప్పిట్లో ఇమిడిపోతాను. పైన ఒక మీట, ముందు అంకెలు కనిపించే చిన్న కిటికీ. మీట నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది. నాకు కూడిక తప్ప మరేమీ రాదు. తీసివేతలు మనుషులు చూసుకుంటారు.

ఒక రేకుల షెడ్డులో మూడు వందల కౌంటర్లతో పాటు ఒకే రోజున పుట్టాను. పదకొండేళ్ళు గుంటూరు మిర్చి యార్డులో ఒక గుమాస్తా చేతిలో ఉండి, లారీలకెక్కే బస్తాలు లెక్కపెట్టాను. ఆయన పని మానేసిన రోజున నన్ను మేనల్లుడికిచ్చాడు. మేనల్లుడి పేరు బసవేశ్వరరావు. తెనాలిలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో పీడీ, అంటే ఆటలు నేర్పే సారు. బాస్కెట్‌బాల్ కోచ్ కూడా ఆయనే.

బసవేశ్వరరావు పాయింట్లను నమ్మడు. పాయింటు పడ్డాక కోచ్ చేయగలిగింది ఏమీ ఉండదని అంటాడు. ఒక వేసవి సెలవుల్లో తొమ్మిదేళ్ళ మ్యాచ్‌ల నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతిని, అంటే రీబౌండును, ఎవరు ఎక్కువసార్లు పడితే వాళ్ళే పదింట ఎనిమిది మ్యాచ్‌లు గెలిచారని తేల్చాడు. ఆ లెక్కలో తప్పు లేదు. ఆ ఏడు నన్ను నాగూర్బీకిచ్చి రీబౌండ్లు లెక్కపెట్టమన్నాడు.

నాగూర్బీ ఎక్కువగా బెంచి మీదే కూర్చునే ఆటగత్తె. కోర్టు మీద నుంచి చూపు తిప్పకుండా బొటనవేలితో నొక్కేది. కాలేజీల పోటీల్లో జట్టు గెలుస్తూ పోయింది. రీబౌండ్లలో సగం జట్టులో అందరికన్నా ఎత్తుకు ఎగిరే రూతు పట్టినవి.

సెమీఫైనల్లో నాగూర్బీ ఒకటి గమనించింది. రూతు ఎగిరి బంతి పట్టాక కుడికాలి మీదే దిగుతోంది. ఎడమకాలు కాస్త ఆగి నేలకు ఆనుతోంది. మ్యాచ్ అయ్యాక సారుతో చెప్పింది. ఆయన రూతు ఎడమ మోకాలు ఒత్తి చూశాడు. నొప్పేమీ లేదంది రూతు. ఫైనల్‌కు రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వస్తున్నారు. ఆ జట్టులో చోటు దొరికితే ఆమెకు స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు వస్తుంది. తిరుగు బస్సులో రూతు నాగూర్బీ పక్కన కూర్చుని మెల్లగా అంది: "బెంచీ మీద కూచుని కూచుని డాక్టరువయ్యావటే? ఫైనలయ్యే దాకా నోరు కట్టేసుకో."

నాగూర్బీ నోరు కట్టేసుకుంది. బొటనవేలు కట్టేసుకోలేదు.

ఫైనల్లో సగం ఆట ముగిసింది. బసవేశ్వరరావు నన్ను ఆమె చేతిలోంచి తీసుకుని కిటికీలోకి చూశాడు.

"పదిహేడా? ఇంకేం, కప్పు మనదేనమ్మా."

"రీబౌండ్లు కావు సార్," అంది నాగూర్బీ. "రూతు ఒంటికాలి మీద దిగినవి. మొదటి పది నిమిషాల్లో నాలుగు. తర్వాత పది నిమిషాల్లో పదమూడు."

ఆయన రూతును చూశాడు. సెలెక్టర్లు కూర్చున్న కుర్చీల వైపు చూశాడు. నన్ను మళ్ళీ చూశాడు.

"మరి రీబౌండ్లెన్ని?"

నాగూర్బీ దగ్గర ఆ లెక్క లేదు. రూతు షూ లేసు బిగించుకుని లేచింది. "ఇంకో ఇరవై నిమిషాలేగా సార్," అంది. ఆయన వద్దనలేదు. నన్ను నాగూర్బీకి తిరిగిచ్చాడు. ఏం లెక్కపెట్టాలో చెప్పలేదు.

మూడో భాగం ముగిసేసరికి నాలో ఇరవై మూడు. తర్వాత ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవయ్యారు. నాగూర్బీ వేలి చెమటకు మీట జారుతోంది. ఆట ఇంకా మూడు నిమిషాలుంది. మనవాళ్ళు రెండు పాయింట్లు ముందున్నారు. రూతు మళ్ళీ ఎగిరింది. బంతి పట్టింది.

నాగూర్బీ వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. ఈసారి రూతు ఏ కాలి మీదా నిలబడలేదు. ఆ చప్పుడు బెంచి దాకా వినిపించింది. పోయింది నొప్పి దాచిన ఎడమ మోకాలు కాదు, ఇన్నాళ్ళూ దాని బరువు కూడా మోసిన కుడిది.

జట్టు నాలుగు పాయింట్ల తేడాతో గెలిచింది. సెలెక్టర్లు వేరే ఇద్దరి పేర్లు రాసుకుని వెళ్ళారు.

ఇప్పుడు నేను పీడీ గదిలో అద్దాల బీరువాలో, ఆ కప్పు పక్కన ఉన్నాను. కిటికీలో ఇరవయ్యారు అలాగే ఉంది. పక్కనున్న మర తిప్పితే సున్నా అవుతుంది. ఆయన తిప్పలేదు. నాగూర్బీ ఆట మానేసింది. ఈ గది మేడ మీద ఉంది కాబట్టి రూతు రాలేదు. వచ్చిన అతిథులు ముందు కప్పు చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఆ ఫైనల్లో పట్టిన రీబౌండ్లా అని అడుగుతారు.

బసవేశ్వరరావు అవునంటాడు.