బెంచీ మీద నిలిచిపోయిన కన్ను

తన ఎడమకన్ను ఎలా పోయిందన్నది గణపతిరావు మాట్లాడని విషయం. అడిగినవారిని కసురుకోడు. "అది వద్దు" అని మర్యాదగానే చెప్పి, చేతిలోని దినపత్రికను మడతపెడతాడు. ఆనాడు కంటికి అయస్కాంతం పట్టినదెవరో, చుక్కల మందు ఇచ్చినదెవరో అతనికి తెలుసు. ఆ పేర్లూ చెప్పడు. కన్ను ఇప్పుడు ఎక్కడ ఉన్నదనేది మాత్రం చోడవరంలో అందరికీ తెలిసినదే గనుక, దాని గురించి మాట్లాడడానికి అతనికి అభ్యంతరం లేదు.

కన్ను మాడుగుల రోడ్డులో, అతడు మేస్త్రిగా పనిచేసిన గౌరీశంకర్ వెల్డింగు షాపులోనే ఉండిపోయింది. ఆసుపత్రివారు గుంటలో గాజుకన్ను అమర్చి పంపారు. చూపు మాత్రం పోయినచోటనే, పని బెంచీ మీద, ఇనుమును బిగించే వైసు పక్కన నిలిచింది. ఇంటి వరండాలో కూర్చుని కుడికన్ను మూసుకుంటే గణపతిరావుకు షాపంతా కనబడుతుంది. వంగి పనిచేసేవారి గడ్డాలు, చెమట, పైకప్పు రేకులు, గ్రైండరు నుంచి లేచే నిప్పురవ్వలు. బెంచీ మీద ఆ చోట ఎవరూ టీ గ్లాసు పెట్టరు. పని ముగిశాక ఇనుపరజను తుడిచేటప్పుడు అక్కడ మాత్రం గుడ్డను మెల్లగా ఆడిస్తారు.

గౌరీశంకర్ సీసీ కెమెరా పెట్టించే ఆలోచన అప్పుడే మానుకున్నాడు. ప్రతి సాయంత్రం ఫోను చేసి, "మేస్త్రిగారూ, షట్టరుకి తాళం పడిందా? రాడ్లన్నీ లోపలికొచ్చేయా?" అని అడుగుతాడు. గణపతిరావు కుడికన్ను మూసి, చూసి చెబుతాడు. నష్టపరిహారం ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఆ షావుకారు ఎంతో నొచ్చుకున్నాడు.

"కన్ను పోయిందంటారేటండీ? షాపులోనే ఉంది కదా. డ్యూటీ కూడా సేస్తంది."

ఆ వాదనకు ఎదురుచెప్పగలిగినవారు ఎవరూ దొరకలేదు.

గణపతిరావు భార్య రాజ్యం తమ్ముడు దాసు అదే బెంచీ దగ్గర పనిచేసేవాడు. రాజ్యం కాఫీ అందిస్తూ రోజూ అడిగేది. "మావోడేటి సేస్తన్నాడండీ?"

"పని."

"కళ్ళజోడెట్టుకున్నాడా?"

గణపతిరావు దినపత్రికను మడతపెట్టేవాడు. కళ్ళజోళ్ళు బెంచీ పైన గోడకు, మేకుకు వేలాడుతుండేవి. ఎవరో అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసి కొన్నవి. ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. చెమటకు మసకబారతాయని ఒకరు, గీతలు పడితే ఓనరు తిడతాడని మరొకరు వాటిని ముట్టుకోలేదు. గణపతిరావు చెప్పవలసినన్నిసార్లు చెప్పాడు. తరువాత చెప్పడం మాని, చూడడం మాత్రమే మిగుల్చుకున్నాడు.

చెరకు నరికే రోజులు దగ్గరపడి, రైతులు ట్రాక్టరు ట్రక్కులను మరమ్మతుకు తెస్తున్న సమయమది. ఆ ఉదయం దాసు వెల్డింగు అతుకు మీది పెచ్చును సుత్తితో కొడుతున్నాడు. ఉన్నట్టుండి సుత్తి జారవిడిచి, అరచేత్తో కుడికన్ను మూసుకున్నాడు. పక్క షాపులో మోటార్లకు రాగితీగ చుట్టే ఉమామహేష్, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆ వీధిలో కంట్లో నలుసు పడితే చేసే వైద్యమదే. రెప్ప తిప్పి, అయస్కాంతం ఆనించి, దానికి అంటిన నల్లటి నలుసును అందరికీ చూపించాడు. అందరూ తృప్తిపడ్డారు.

బెంచీ మీది కన్ను కింది నుంచి చూసింది. ఎగిరినవి రెండు. ఒకటి రెప్ప మీద ఆగింది. రెండవది నల్లగుడ్డు అంచున దూరి, లోపలికి పోయింది.

గణపతిరావు దాసుకు ఫోను చేశాడు. బావమరిది ఫోను బెంచీ మీదనే, తన కన్నుకు ఎదురుగా, తన పేరుతోనే వెలుగుతూ వణకడం అతనికి కనబడుతూనే ఉంది. గ్రైండరు మోతలో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ వెలిగింది. చూడగలిగి, పిలవలేకపోవడం ఎంత నికృష్టమైన స్థితో అతనికి కొత్తగా తెలియవలసిన అవసరం లేదు. మధ్యాహ్నం అన్నాల వేళకు దాసు ఫోను తీశాడు.

"ఏటి బావా, అన్నిసార్లు కొట్టేవు?"

"కంట్లో ఇంకొకటి ఉంది. ఇప్పుడే విశాఖ వెళ్ళాలి."

"ఒచ్చేసింది కదా! అయస్కాంతానికి అంటుకుంటే అందరం సూసేం."

"అది రెప్ప మీదిది. రెండోది లోపలికి పోయింది."

"కిందనుంచి సూసేవు, పొగలో ఏటి కనబడుతాది నీకు? సుక్కలేసుకున్నాను, సల్లగుంది. ఎరుపు కూడా తగ్గిపోతంది బావా."

ఎరుపు తగ్గిందని ఒకప్పుడు తానూ అన్నాడు; ఆ మాట వినగానే గణపతిరావు ఫోను పెట్టేసి, చెప్పులు వేసుకున్నాడు.

కన్ను పోయిన తరువాత అతడు ఆ షాపు గుమ్మం తొక్కలేదు. లోపల అడుగుపెడుతూ కుడికన్ను క్షణంపాటు మూసినప్పుడు, బెంచీ మీది చూపుకు ఒక ముసలివాడు కనబడ్డాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. ఎవరో అనుకుని, తానేనని గ్రహించాడు.

గౌరీశంకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "రండి మేస్త్రిగారూ! టీ సెప్పనా?"

"దాసును ఆసుపత్రికి పంపండి."

"పంపిస్తానండి, రేపు పంపిస్తాను. రోలుగుంట రైతు ట్రక్కు సాయంత్రానికి ఇచ్చీమని పీక మీద కూకున్నాడు."

"రేపటికి కన్ను ఉండదు."

"ఎందుకుండదు? మీది లేదా ఏటి?"

షాపులో గ్రైండరు ఆగింది. గణపతిరావు భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, వైసు పక్కన తన చూపు నిలిచిన చోట కప్పాడు. దానిపైన సుత్తి బరువు పెట్టాడు.

"ఏటి సేస్తన్నారు?"

"మూస్తున్నాను."

"మరి తాళాలెవరు సూస్తారండీ? బయటున్న ఇనుం ఎవరు సూస్తారు?"

"దాసు విశాఖ బస్సు ఎక్కిన తరువాత తువ్వాలు తీయవచ్చు."

వెనకనుంచి ఎవరో అన్నారు. "ఒరే, పట్టపగలు ఓనరుకి కళ్ళు పోయేయిరా!" నవ్వులు లేచాయి. దాసు నవ్వబోయి, కన్ను పట్టుకుని కూర్చున్నాడు. అది చూసి మిగిలినవారు నవ్వడం మానేశారు. గౌరీశంకర్ తువ్వాలు వంక చూశాడు, బయట పేర్చిన ఇనుము వంక చూశాడు. గొణుక్కుంటూ మోటారు సైకిలు తీసి, ఇద్దరినీ వెనక ఎక్కించుకుని బస్సుస్టాండులో దింపాడు.

బస్సు సబ్బవరం దాకా దారిలో ఎత్తిన ప్రతి చేయి దగ్గరా ఆగింది. కళ్ళ ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాను తీయించి చూసింది. ఇనుపముక్క కంటి లోపలే ఉంది.

"లోపల ఉందని మీకు ఎవరు చెప్పారు?"

"నేను చూశాను" అన్నాడు గణపతిరావు. ఆమె తలూపి, కాగితం మీద రాసుకుంది. ముక్క తీయగలమనీ, చూపు సంగతి మాట ఇవ్వలేననీ చెప్పి, థియేటరులోకి వెళ్ళింది.

గణపతిరావు వరండాలో కూర్చుని కుడికన్ను మూశాడు. తువ్వాలు అప్పటికే తీసేశారు. దాసు స్థానంలో ఎవరో వంగి, గ్రైండరు పట్టుకుని, కళ్ళు చికిలించి పనిచేస్తున్నారు. మేకుకు సంచి వేలాడుతూనే ఉంది. అతనికి ఏడుపు కాదు, అరవాలనిపించేంత విసుగు వచ్చింది. ఇన్నేళ్ళు చూసిందంతా ఎవరి తాళాల కోసం? ఆ చూపును అక్కడినుంచి పీకి, అవసరమున్నచోట పెట్టగలిగితే బాగుండునని మొదటిసారి అనుకున్నాడు.

రేకులు మసకబారాయి. నిప్పురవ్వలు ఆరాయి. మళ్ళీ తువ్వాలు కప్పారేమో అనుకున్నాడు. కాని తువ్వాలు చీకటిలో పోగుల సందులు కనబడతాయి. ఇందులో ఏమీ లేదు. కుడికన్ను తెరిచి, ఆ తరువాత తలుపు వంకనే చూస్తూ కూర్చున్నాడు.

కట్టు విప్పినరోజున దాసు గోడమీది క్యాలెండరులో చిన్న అక్షరాలు కూడా చదివాడు. అతని ఎడమకన్ను ఎప్పటిలాగే నల్లగా ఉంది. కుడికన్ను మాత్రం గణపతిరావు కంటిలాగే తేనెరంగుకు తిరిగి, నల్లగుడ్డు చుట్టూ వయసు మళ్ళినవారికి వచ్చే బూడిదరంగు వలయంతో ఉంది. డాక్టరమ్మ లైటు వేసి పరీక్షించి, మళ్ళీ నెలకు రమ్మంది.

ఇంట్లో రాజ్యం అన్నం వడ్డిస్తూ పమిట సర్దుకుంది.

"ఒరే, ఆ కన్నుతో నన్నలా సూడకురా, సిగ్గేస్తంది."

"నేనేటి సేసేనే అక్కా? అది నిన్నే సూస్తంది."

గణపతిరావు తలవంచుకుని చారు కలుపుకున్నాడు. అతని ఎడమవైపు ఇప్పుడు అందరికీ ఉండే చీకటే ఉంది. షాపు లేదు.

దాసు గౌరీశంకర్ దగ్గరికి తిరిగి పోలేదు. కె.కోటపాడులో మరొక షాపులో చేరాడు. అక్కడ కళ్ళజోడు పెట్టుకోనిదే అతడు గ్రైండరు ముట్టడు. పెట్టుకోకుండా స్విచ్చు మీద చేయి వేస్తే, ఆ కన్ను తనంతట తానే మూసుకుపోతుంది. ఎంత గింజుకున్నా తెరుచుకోదు. ఆ షాపులో మిగిలినవారు మొదట నవ్వి, తరువాత ఎందుకైనా మంచిదని తామూ పెట్టుకోవడం మొదలుపెట్టారు.

గౌరీశంకర్ ఫోనులను గణపతిరావు ఎత్తడం మానేశాడు. కొంతకాలానికి ఒక ఉత్తరం వచ్చింది. ఎవరిచేతనో శ్రద్ధగా రాయించినది.

"గౌరవనీయులైన మేస్త్రిగారికి నమస్కారములు. మీ కన్ను వెళ్ళిపోయినప్పటినుంచి షాపులో ఇనుము నిలవడం లేదు. బెంచీ దగ్గర కొత్త మనిషిని పెట్టాను. మీలాగే బుద్ధిమంతుడు, ఎక్కువ మాట్లాడడు. రేపు ఏదైనా జరగరానిది జరిగితే, అతని కన్ను కూడా మీదానివలె ఇక్కడనే నిలుస్తుందా, లేక అది మనిషిని బట్టి ఉంటుందా అన్నది పెద్దవారు మీరు తెలియజేయగలరు. జవాబు కొరకు స్టాంపు అంటించిన కవరు జతపరచితిని."

గణపతిరావు దానిని ఒకసారి చదివాడు. జవాబు రాయలేదు.