మబ్బు రోజు తీసిన ఇల్లు

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. గృహప్రవేశానికి వచ్చిన జనమంతా వింటుండగా, నేను తీసిన ఇంటి ఫొటో పైకెత్తి, "ఏంటమ్మా రాగిణీ, హౌస్ వార్మింగ్ ఫొటో అడిగితే చావింటిలా తీశావు?" అన్నాడు ఇంటాయన కోటేశ్వరరావు. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో నన్ను ఏ శుభకార్యానికీ ఫొటోలు తీయమని పిలిచినవాళ్లు లేరు.

నాకు ఈ పని నేర్పింది యోహానా అనే జర్మన్ ముసలావిడ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలి, మళ్లీ కట్టుకున్న తన ఊళ్లో ఇల్లిల్లూ ఫొటో తీసిన మనిషి. మబ్బు పట్టిన రోజే తీసేది. నీడ పడకూడదు, మనిషి కనిపించకూడదు, కెమెరా ఎప్పుడూ ఇంటికి ఎదురుగా, నిచ్చెన మీద ఒకే ఎత్తులో ఉండాలి. తర్వాత అన్నిటినీ పక్కపక్కన, పేర్లు లేకుండా గోడకు పెట్టేది. ఎండ ఇంటిని పొగుడుతుంది, మబ్బు ఉన్నదున్నట్టు చూపిస్తుంది అనేది. కోటేశ్వరరావు ఇంటినీ నేనలాగే, మబ్బు కోసం కాచుకుని మరీ తీశాను.

తన ఇల్లులాంటిది టెక్సస్‌లోనే లేదని ఆ మహానుభావుడి గొప్ప. ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాను నేను. ఆ ఇల్లు కట్టిన బిల్డర్ అదే ప్లాన్‌తో ఎక్కడెక్కడ కట్టాడో వెతికి, మబ్బు పట్టినప్పుడల్లా నిచ్చెన కార్‌లో వేసుకుని బయల్దేరాను. అవే స్తంభాలు, అదే రాయి, అదే గరాజ్ తలుపు. ఏడాది పట్టింది.

ఆ ఫొటోలన్నీ పేర్లు లేకుండా పక్కపక్కన లైబ్రరీలో ప్రదర్శనకు పెట్టి మొదటి పిలుపు ఆయనకే పంపాను. భార్య ఉమగారితో, స్నేహితులతో దర్జాగా వచ్చాడు. మీ ఇల్లూ ఉందండీ, చూడండి అన్నాను.

ముందుకొచ్చాడు, వెనక్కి జరిగాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు. చివరికి ఒకదాని మీద వేలు పెట్టి, "ఇదే. మన ఇల్లు దూరం నుంచే తెలిసిపోతుంది" అన్నాడు.

"అది మా ఇల్లు అంకుల్" అన్నాడు వెంట వచ్చిన లోకేష్.

జనం నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వు కోసమే కదా ఏడాదంతా నిచ్చెన మోశాను! హాయిగా విన్నాను.

ఉమగారు మాత్రం నేరుగా కింది వరుసలో ఒక ఫొటో ముందుకెళ్లి ఆగింది. పై కిటికీకి కాస్త వంకరగా వేలాడుతున్న కర్టెన్ చూపించి, అది తను కుట్టిందేనని మెల్లగా చెప్పింది.

కోటేశ్వరరావు నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "కింద ఓనర్ నేమ్ పెట్టమ్మా, ప్లీజ్."

"చావింటికి పేరెందుకండీ?" అన్నాను.

ఉమగారు విన్నది. ఆమె ముఖం చూశాక నా గుండె కలుక్కుమంది. అయినా పేరు పెట్టలేదు.