తడి ఆకుల కింద కాగితం

మా తమ్ముడు చక్రధర్ కంబోడియా నుంచి బతికి వచ్చి ఎనిమిది రోజులైంది, వాని కంటి మీద కునుకు లేదు. కంప్యూటర్ నౌకరీ అని ఏజెంటు పంపిండు. అక్కడ గదిల పెట్టి తాళమేసి, ఫోన్ల మన జనాన్నే మోసం చేయించిండ్రు.

"నా ఇష్టంతోనే పోతున్న అని సంతకం పెట్టిన అక్కా, నన్నే జైల్ల ఏస్తరు" అని ఒకటే ఏడుపు. ఏజెంటు వీనికిచ్చిన ఆ కాగితాన్ని చింపుతనన్నడు. నేను చింపనియ్యలే. బీడీ ఆకుల మీద కప్పే తడి గోనె కింద దాచిన.

ఇగ నాకు ఓపిక పోయింది. కాగితం తీసుకొని, వాని రెక్క పట్టి ఎల్లారెడ్డి ఠాణాకు గుంజుకపోయిన.

ఎస్సై మేడం అంతా విన్నది. "మోసం చేసి తీస్కపోతే నువ్వు ఒప్పుకున్నా అది చెల్లదు. ఇదే మాట మీద చాలా దేశాలు కలిసి ఒప్పందం చేసుకున్నయి, మన చట్టంల గూడ అదే రాసి ఉన్నది. నిన్ను పంపినోడు దొంగ, నువ్వు కాదు" అన్నది.

భయపడుకుంటనే కాగితం ఇచ్చిన. తడికి వీని సంతకం అలుక్కుపోయింది. అచ్చుల ఉన్న ఏజెంటు పేరు, ఫోన్ నంబరు మాత్రం చెక్కుచెదరలేదు.

"మాకు కావాల్సింది ఇదే" అని మేడం నవ్వింది.

"విన్నవా, పిచ్చోడా!" అని వెనక్కి తిరిగిన. ఎనిమిది రోజులు పోలీసులకు భయపడి నిద్రపోనోడు, ఠాణా బెంచీ మీదనే గుర్రు పెడుతున్నడు.