కుర్మయ్య వదలని రింగు

నేను ఒక బెత్తపు రింగును. చూడ్డానికి పిల్లలు దొర్లించుకునే చక్రంలా ఉంటాను. కింద ఒక తోలు సంచి వేలాడుతుంది. ఆ సంచి తీసేస్తే నేను ఉత్త కట్టె వంకరను. సంచి ఉంటే మాత్రం ఊరంత జనం ఎక్కిన రైలైనా నన్ను అందుకోకుండా ముందుకు కదలదు. కదలదు అనకూడదు, కదిలేది కాదు అనాలి. ఇప్పుడు నన్ను అడిగే రైలు లేదు.

సంగతి చెబుతాను. పాలమూరు దిక్కున అప్పట్లో మీటర్ గేజ్ బండి నడిచేది. జనం దాన్ని చిన్న లైను అనేవారు. పోయే బండికైనా వచ్చే బండికైనా ఒకటే దారి. రెండూ ఎదురెదురుగా వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని ఒక స్టేషనుకూ మరో స్టేషనుకూ మధ్య ఒక ఇనుప గుండు కాపలా ఉండేది. రైల్వేవాళ్ళు దాన్ని గోలా అనేవారు. స్టేషన్ మాస్టరు మిషన్లోంచి గోలా తీసి నా సంచిలో వేస్తాడు. అది ఇంజన్లోకి చేరితేనే ముందున్న దారి ఆ బండిది. వచ్చే స్టేషన్లో ఆ గోలాను దించి, అక్కడి గోలాను ఎక్కించుకోవాలి. ఆగని బండికి పరుగు మీదే ఇవ్వాలి. నేను గుండ్రంగా ఉన్నది అందుకే. ఇంజన్లోంచి సాచిన చెయ్యి నాలో దూరితే చాలు, తగులుకుని వెళ్ళిపోతాను.

నన్ను చేసినవాళ్ళెవరో నాకు తెలియదు. ఏదో వర్క్‌షాపులో పచ్చి బెత్తాన్ని ఆవిరికి మెత్తబరచి వంచారు. వంగనని మొరాయించాను. అతుకు దగ్గర తీగ బిగించి చుట్టి నా నోరు మూయించారు. ఆ తీగ కింద ఇప్పటికీ నేను నిటారుగా సాగాలనే చూస్తుంటాను. నిమ్మళంగా ఉండటం నా పుట్టుకలో లేదు.

ఎన్నో చేతులు మారి చివరికి చిన్నకదిర స్టేషనుకు చేరాను. ఎర్ర దుబ్బ, తంగేడు పొదలు, రేకుల కప్పు, ఒక నీళ్ళ కుండ. అదే స్టేషను. అక్కడ కుర్మయ్య పాయింట్స్‌మన్. పట్టాలు మార్చడం, దీపాలు వెలిగించడం, నన్ను అందించడం అతని పని. మాట తక్కువ మనిషి. ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ళ కాళ్ళ వంక చూసి, తరువాత ముఖం వంక చూసి, ఆ పైన జవాబు ఇవ్వాలా వద్దా అని ఆలోచించేవాడు. అప్పటికి అడిగినవాడు వెళ్ళిపోయేవాడు.

అలాంటి మనిషికి ఒక స్నేహితుడు దొరికాడు. వాడు ఎప్పుడూ పరుగెత్తే ఇంజన్లోనే ఉండేవాడు. పేరు ఖాజా మియా. ఫైర్‌మన్. డీజిల్ ఇంజన్లు వచ్చి బొగ్గు పని పోయాక కూడా అందరూ ఫైర్‌మన్ అనే పిలిచేవారు. ఇంజన్ తలుపు దగ్గర ఒక చేత్తో కడ్డీ పట్టుకుని వేలాడుతూ, వెనక స్టేషను నుంచి తెచ్చిన రింగును కిందికి విసిరి, కుర్మయ్య ఎత్తి పట్టుకున్న రింగులోకి చెయ్యి దూర్చేవాడు. ఆ కాస్తలో ఒక్క మాటకే చోటుండేది. వాళ్ళ స్నేహమంతా ఆ ఒక్కో మాటతోనే నడిచింది.

"బిడ్డ పుట్టింది!" అని కుర్మయ్య అరిచాడు ఒక రోజు.

"పేరు?" అని మర్నాడు ఇంజన్లోంచి వచ్చింది.

"అనసూయ!" అని ఆ మర్నాడు వెళ్ళింది.

మీరు ఒక పూటలో మాట్లాడుకునేది వాళ్ళు నెల రోజులు మాట్లాడుకునేవారు. అందుకే ఒక్క మాటా వృథా పోయేది కాదు. సీతాఫలాల కాలంలో కుర్మయ్య గోలా పక్కన ఒక పండు కూడా నా సంచిలో కూరేవాడు. ఇంజన్ చేరేసరికి అది పిప్పి. మర్నాడు సంచి జిగటగా వెనక్కి వచ్చేది, లోపల నాలుగు ఖర్జూరాలతో. స్టేషన్ మాస్టరు చెయ్యి పెట్టి, "ఏందిరా ఇది, గోలానా హల్వానా?" అనేవాడు. ఒకసారి ఖాజా మియా విసిరిన విసురుకు నేను మేస్తున్న బర్రె మెడలో పడ్డాను. అది నాతో పాటు గోలానూ తీసుకుని తొట్టి దాకా పరుగెత్తింది. దారి ఆ బర్రెదే అయ్యింది కాసేపు.

తరువాత బ్రాడ్ గేజ్, అంటే పెద్ద లైను, వస్తుందన్నారు. ముందుగా బండి నడవని పక్క లైన్ల కింది పాత చెక్క స్లీపర్లు పీకి పట్టాల పక్కన గుట్టలు పెట్టారు. కొన్ని మాయమయ్యాయి. ఎవరి వాకిలికి దర్వాజా అయ్యాయో, ఎవరి పొయ్యిలోకి పోయాయో! ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి స్టేషనువాళ్ళ ఇళ్ళు వెతికించాడు. కుర్మయ్య ఇంట్లో ఏమీ దొరకలేదు. అయినా వెతికారన్న మాటే చాలు కదా మనుషులకు. కల్లు దుకాణం దగ్గర ఎవడో నవ్వాడు. కుర్మయ్య అటు పోవడం మానేశాడు. లోపల మాత్రం ఉడికిపోయేవాడు. తెల్లవారుతూనే నన్ను తుడిచేవాడు. తుడిచిందే తుడిచేవాడు.

చిన్న లైను మీద చివరి బండి రోజు వచ్చింది. ఇంజనుకు బంతిపూలు కట్టారు. ఖాజా మియా నన్ను ప్లాట్‌ఫారం మీదికి విసిరి, కుర్మయ్య చేతిలో ఉన్న నా జోడు రింగులోకి చెయ్యి దూర్చాడు. రోజూ అయితే కుర్మయ్య వేళ్ళు ఆ క్షణానికే విడిపోయేవి. ఆ రోజు విడిపోలేదు. బండితో పాటు పరుగెత్తాడు. ఇంజన్ హారన్ మోగుతోంది, జనం కేకలు పెడుతున్నారు. ఖాజా మియా ముఖం ఎర్రబడింది. ఒక మాట అరిచాడు. రింగు గుంజుకున్నాడు. బండి పోయింది.

నేను నేల మీద పడి ఉన్నాను. ఆ మాట స్పష్టంగా విన్నాను. "ఛోడ్!" అన్నాడు. వదులు అని. వాళ్ళ భాషలో అంతే.

కుర్మయ్యకు వినిపించింది "చోర్!" అని.

దొంగ అని.

అతను అలాగే నిలబడిపోయాడు. నాకు నోరుంటే ఆ పూటే తేలిపోయేది. గుండ్రంగా చేసినవాళ్ళు ఒక నాలుక కూడా పెట్టి ఉండాల్సింది.

సాయంత్రం స్టేషన్ మాస్టరు, "ఇనుప సామానంతా లెక్కగట్టిండ్రు కుర్మయ్యా, ఈ బెత్తం ఎవనికి గావాలె. తీస్కపో," అన్నాడు. కుర్మయ్య నన్ను భుజానికి తగిలించుకుని ఇంటికి నడిచాడు. సంగతి విన్న భార్య సాయమ్మ నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"దొంగ అన్న దినమే రైల్వే సామాను ఇంటికి తెస్తివా? శాన తెలివి నీకు!"

అతను నన్ను భుజం మీది నుంచి దించాడు. మేకుకు తగిలించాడు. ఆ రోజు నుంచి నన్ను పారెయ్యలేడు, చూడలేడు. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా ఎలాగో ఓర్చుకునేవాడే. రోజుకొక్క మాట పంపే మనిషి ఆ ఆఖరి మాట పంపాడే అన్నది అతన్ని తొలిచింది. ఖాజా మియాకు ఎక్కడికో బదిలీ అయ్యింది. కుర్మయ్య పెద్ద లైనులో గేటు కాపలాకు పోయి, అక్కడే రిటైరయ్యాడు. అడగాలనుకున్నాడు. అడిగితే "అవును, అన్న" అంటాడేమోనని భయపడ్డాడు.

అనసూయకు హైదరాబాదులో ఇల్లు. ఫలక్‌నుమా వైపు పోయే లోకల్ రైలు పట్టాల పక్కనే. భర్త ఆటో నడుపుతాడు, ఆమె మిషను కుడుతుంది. సాయమ్మ మోకాళ్ళు మొండికేశాక ఇద్దరినీ తన దగ్గరికి తెచ్చుకుంది. సామాన్లలో నేనూ వచ్చాను. నన్ను డాబా మీద కాకర తీగకు ఆసరాగా కట్టారు. బండ్లకు దారి ఇచ్చిన నేను కాకరకాయకు దారి ఇస్తూ కూర్చున్నాను.

అక్కడి నుంచి లోకల్ బండ్లు కనబడేవి. ఒకటి పోయిందనుకునేలోగా ఇంకొకటి. ఎవరూ ఎవరికీ ఏమీ అందించరు. సిగ్నల్ దీపం దానంతట అదే రంగు మారుతుంది. డ్రైవరు అద్దం వెనక సూటిగా ముందుకు చూస్తూ పోతాడు. తలుపుల దగ్గర వేలాడే పిల్లలు సెల్లు చూసుకుంటూ వేలాడతారు. వేలాడటమంటే ఖాజా మియా వేలాడాలి! కుర్మయ్య పిట్టగోడ దగ్గర నిలబడి ప్రతి బండికీ చిన్నకదిరను తలుచుకునేవాడు. పట్టాలు సణిగే చప్పుడు వినగానే అతని కుడి చెయ్యి దానంతట అదే లేచేది. పక్క డాబా మీది ఆడవాళ్ళు, "అనసూయా, మీ నాయిన మళ్ళ సెల్యూట్ కొడుతుండు!" అని నవ్వేవారు. చెయ్యి దించుకుని కాకర ఆకులు సవరించేవాడు. అతను కూర్చునేవాడు కాదు. అన్నం కూడా నిలబడే తినేవాడు. అతుకు తీగలో బిగిసి నేనూ అలాగే కొట్టుకునేవాణ్ణి.

భర్త మాట్లాడనివన్నీ కలిపి సాయమ్మ మాట్లాడుతుంది. కూరగాయల బండి దగ్గర ఒకామెతో పాలమూరు ముచ్చట్లు పెట్టి, అక్కడి నుంచి రైళ్ళలోకి దిగి, చివరికి ఒక మనిషి జాడ పట్టుకుని, మోకాళ్ళు తడుముకుంటూ డాబా మీదికి వచ్చింది.

"ఏమయ్యా, నిన్ను దొంగన్నాయన దొరికిండు. పట్టాలకవతల గల్లీల ఉంటడంట. దినాం మాపటికి స్టేషన్ల కూసొని బండ్లు జూస్తడంట, నీ లెక్కనే."

కుర్మయ్య చెయ్యి ఆకుల్లోనే ఆగిపోయింది.

"పోవా?"

"పోను."

"ఎందుకు పోవు? ఒక్క మాటను ఇన్నేండ్ల సంది మింగవు, కక్కవు. నీ గొంతుల ఎట్ల నిలవడ్డదయ్యా అది!"

చాలా రోజులు పోలేదు. కానీ పిట్టగోడ దగ్గర చూపు మారింది. బండ్లను వదిలి, బండి పోయాక కనబడే అవతలి ప్లాట్‌ఫారాన్ని చూసేవాడు. ఒక మధ్యాహ్నం ఏమనుకున్నాడో, కాకర తీగ తెంపి నన్ను విప్పాడు. కాయలు రాలాయి. అనసూయ మిషను ఆపి పైకి వచ్చింది.

"నాయినా, పాదంత గుంజి పారేస్తివి! యాడికి?"

"వాళ్ళ సామాను వాళ్ళకిచ్చి వస్త. నేను దొంగను గానని చెప్పి వస్త."

అంత పొడుగు మాట అతని నోట నేను అంతకు ముందు వినలేదు.

స్టేషన్లో సిమెంటు బల్ల మీద తెల్ల టోపీ, తెల్ల గడ్డం. ఖాజా మియా ముందు మనిషిని చూడలేదు. నన్ను చూశాడు. లేచి నిలబడ్డాడు. నిలబడగానే ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి ముందుకు వచ్చింది. కుర్మయ్య దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చిన మాటలన్నీ పక్కకు పోయాయి. అతనూ చెయ్యి చాపాడు. నేను ఇద్దరి మధ్యా ఉన్నాను. ఖాజా మియా గుంజాడు. కుర్మయ్య వదలలేదు. చెప్పాల్సిన మాట చెప్పకుండా ఎలా వదులుతాడు?

"అరె, ఛోడ్ రా భాయ్!" ఖాజా మియా గడ్డమంతా నవ్వాడు. "ఆ దినం గూడ గిట్లనే పట్కుంటివి. ఛోడ్ ఛోడ్ అని ఎంత ఒర్రిన, ఇడువకపోతివి. నా బుజం ఊశినంత పనైంది. నువ్వు చక్రాల కింద పడ్తవని నా పానం పోయింది."

"ఏమని ఒర్రినవ్?"

"ఏంది? గట్టిగ జెప్పు. చెవులు ఇంజన్ తినేసింది."

"ఏమని ఒర్రినవ్ ఆ దినం?" కుర్మయ్య గొంతు స్టేషనంతా మోగింది. టికెట్ల వరుస ఇటు తిరిగింది.

"ఛోడ్ అన్న. ఇంకేమంట?"

"నాకు చోర్ అని ఇనొచ్చింది."

ఖాజా మియా నవ్వు ఆగింది. అర్థం కావడానికి అతనికి కొంచెం టైం పట్టింది. మెల్లగా బల్ల మీద కూలబడ్డాడు. నన్ను పట్టుకునే ఉన్నాడు కనుక కుర్మయ్య కూడా కూర్చోవాల్సి వచ్చింది.

"నేను? నిన్ను?" అన్నాడు. "అందుకా బిడ్డ పెండ్లికి పిలువకపోతివి? ఎవడో జెప్పిండు నాకు, అనసూయ పెండ్లయిందని. పేరు నాకు ముందు జెప్పినోడు, పెండ్లి జెప్పలేదని నాకు కోపమొచ్చింది. నేను గూడ రాలే. పాగల్ గాళ్ళం."

ఒక లోకల్ వచ్చి ఆగింది. జనం దిగారు, ఎక్కారు. వాళ్ళిద్దరి మోకాళ్ళకు అడ్డంగా ఉన్న నన్ను తిట్టుకుంటూ దాటారు. కుర్మయ్య ఆ బండి వంక చూడలేదు. చెయ్యి లేవలేదు.

"మరి నువ్వేంది, ఆ దినం ఇడువకపోవుడు?" అని అడిగాడు ఖాజా మియా.

కుర్మయ్య ఆయన కాళ్ళ వంక చూశాడు. తరువాత ముఖం వంక చూశాడు. అడిగినవాడు వెళ్ళిపోలేదు.

"ఇడిస్తె పోతవని," అన్నాడు.

ఆ పైన ఇద్దరూ పోయే బండ్లను చూస్తూ కూర్చున్నారు. ఆగి ఉన్న చోట మాట్లాడటం వాళ్ళకు అలవాటు లేదు.

పొద్దు వాలాక నన్ను ఎవరు తీసుకుపోవాలన్న పేచీ వచ్చింది. "రైల్వేది, నీ దగ్గరుంచు," అన్నాడు కుర్మయ్య. "మాస్టరు నీకిచ్చిండు గదా," అన్నాడు ఖాజా మియా. చివరికి పాత పద్ధతే ఖాయమైంది. రింగు ఎవరి దగ్గరుంటే మర్నాడు వాళ్ళు రావాలి. తెచ్చి ఇవ్వాలి. సాయమ్మ విని, "బండ్లు బందైనంక గూడ డ్యూటీ ఇడువరా మీరు!" అంది. కాకర పాదుకు వెదురు బొంగు పాతింది.

ఇప్పుడు నా సంచిలో గోలా లేదు. ఒకనాడు సున్నుండలు, ఒకనాడు బిస్కెట్లు. కుర్మయ్య ఇంట్లో మేకుకు వేలాడిన రోజులు తలుచుకుంటే ఇంకా ఒళ్ళు బిగుస్తుంది. ఒక పూట ఎవరికైనా జ్వరం వస్తే ఏమిటి నా గతి అని రాత్రంతా తీగలో కొట్టుకుంటాను.

ఇవాళ వంతు ఖాజా మియాది. ఇంకా కదలడే! చెప్పు ఒకటి కనబడటం లేదంటాడు. కోడలు బల్ల కింద వెతుకుతూ, "ఏం తొందర అబ్బాజాన్, లోకల్ ఎక్కుతుండ్రా ఏంది?" అంటోంది. అతనికి వినిపించలేదు. అవతల పట్టాలు సణగడం మొదలుపెట్టాయి.

చెప్పు లేకుంటే లేకపోయె, నడువవయ్యా. అక్కడ ప్లాట్‌ఫారం చివర ఒక మనిషి చెయ్యి చాపి నిలబడ్డాడు.