అత్తగారి వాటా

తాపీమేస్త్రి ఆ ఊళ్లో నలభై మరుగుదొడ్లు కట్టాడు. ఒక్కోదానికి రెండేసి గుంతలు. "ఒకటి నిండాక మూసేసి రెండోదానికి తిప్పుకోండి. మూసింది రెండేళ్లలో మట్టయిపోతుంది, వాసన కూడా ఉండదు" అని నలభై ఇళ్లలోనూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. ఆ మట్టిని మాత్రం అతనెన్నడూ చూసిన పాపాన పోలేదు. శిక్షణలో ఎవరో చెప్పారు, నమ్మాడు.

నమ్మనిది అత్తగారు. పక్కింట్లో ఒంటరిగా ఉంటుంది. అల్లుడింట చిటికెడు ఉప్పు కూడా ఊరికే తీసుకునే మనిషి కాదు. తీసుకున్న పూటే నాలుగు చిక్కుడుకాయలో, గుప్పెడు మిరపకాయలో తెచ్చి గుమ్మంలో పెట్టిపోతుంది.

"ఇంటి పక్కనే గుంత తవ్వి దాచుకోడానికి అదేమన్నా బంగారమా అల్లుడూ?" అని, రోజూ తెల్లారకముందే చెంబు పట్టుకుని పొలం గట్టుకు బయల్దేరేది. నిరుడు వానల్లో ఆ గట్టు మీదే జారి పడి కాలు బెణికించుకుంది. పదిహేను రోజులు కుంటింది. కుంటుకుంటూ కూడా గట్టుకే పోయింది.

అప్పట్నించీ మేస్త్రి భార్యకు నిద్ర కరువైంది. తల్లి తలుపు కిర్రుమనగానే లేచి కూర్చునేది, మళ్లీ కిర్రుమనేదాకా కదిలేది కాదు. "ఈసారి పడితే మా అమ్మ లేవదు. ఊరందరికీ చెప్పావు, ఆవిడొక్కదానికీ చెప్పలేకపోయావు" అంది మొగుడితో.

మేస్త్రి ఇంట్లో మొదటి గుంత మూసి రెండేళ్లు నిండాయి. తెరిచే రోజున భార్య తన తల్లిని పిలిచింది. నాలుగిళ్ల అవతల పాలు మాడినా చెప్పగల ముక్కు ఆవిడది. కొంగు అడ్డం పెట్టుకుని మరీ వచ్చింది. గోడ మీంచి ఇరుగుపొరుగు తలలు కూడా లేచాయి, అన్నిటి ముక్కులకూ గుడ్డలే.

మేస్త్రి గునపాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు.

"అరిగిపోతుంది, ఇక తియ్యి" అంది భార్య.

అతను కళ్లు గట్టిగా మూసుకుని మూత లేపాడు.

"కళ్లెందుకు మూసుకున్నావు? వాసన కళ్లకొస్తుందా?"

అతను ఒక కన్ను తెరిచాడు. లోపల నల్లటి పొడి మట్టి. పారతో కొంచెం తీసి గుంత గట్టున పోశాడు. అత్తగారు కొంగు తీసింది, వంగింది, వాసన చూసింది. గుప్పెడు తీసుకుని విత్తనాలు వేసేముందు చేలో నలిపినట్టు వేళ్ల మధ్య నలిపింది.

"ఏం వాసనా లేదు" అంది, కాస్త నిరాశగానే. "గంపివ్వు. నా వంగమొక్కలకు వేసుకుంటా."

మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. తనే గంప నింపి ఆవిడ చంకకెత్తాడు. అత్తగారు నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"అల్లుడూ, ఇందులో నాదేం లేదు కదా?"

"లేకపోతేనేం అత్తా, మనింటిదేగా" అనబోయాడు. భార్య అతని మోచెయ్యి గిల్లింది.

"లేదమ్మా. అంతా మాదే" అందామె.

"చిక్కుళ్లు పంపిస్తాలే."

"ఇంట్లో ఉన్నాయి."

"మిరపకాయలో?"

"అవీ ఉన్నాయి."

అత్తగారు కూతురి వంక చాలాసేపు చూసింది. గంప దించి ఇంటికి పోయింది. 'అయ్యో, చేతికందింది చేజార్చావే' అన్నట్టు చూశాడు మేస్త్రి. ఆ రోజంతా భార్యకు ముద్ద దిగలేదు.

మర్నాడు తెల్లవారుజామున పక్కింటి తలుపు కిర్రుమంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ లేచి కూర్చున్నారు. అడుగులు గట్టు వైపు పోలేదు. వాళ్ల పెరట్లోకే వచ్చాయి. మరుగుదొడ్డి గడియ పడింది. భార్య నోట్లో కొంగు కుక్కుకుంది, నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

కాసేపటికి నీళ్లు పోసిన చప్పుడు. తొట్టి దగ్గర సబ్బు కోసం తడుముకుంటున్న చప్పుడు. తర్వాత కిటికీ అవతల అత్తగారి గొంతు వినిపించింది.

"అల్లుడూ, గంప తీసుకెళ్తున్నా. మిగతా మట్టి ఎవరికీ ఇచ్చెయ్యకు. రోజూ వస్తాగా."