కుట్టుకు వదిలిన జానెడు

టైలరమ్మకు కోపం వస్తే నోరు పెరగదు, చేతిలో కత్తెర వేగం పెరుగుతుంది. ఆ రోజు చేతిలో కత్తెర లేదు కాబట్టి పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. నగర సభకు ఆ ఏడాది అదే ఆఖరి సమావేశం. రేకుల షెడ్ల వార్డు నుంచి మొదటిసారి గెలిచి వచ్చిన సభ్యురాలామె. గెలిచాక కూడా బట్టలు కుట్టడం మానలేదు గనక ఊళ్ళో అందరికీ ఆమె టైలరమ్మే, మేయరమ్మతో సహా.

సంగతి చిన్నదే, సాగదీసినవాళ్ళ వల్ల పెద్దదైంది. నగర గృహనిధిలోంచి పెద్ద మొత్తం ఒకటి పాత మేడల ముందుభాగాలు బాగుచేయించడానికని ఏటేటా పక్కన పెడతారు. ఆ సాయం కావాలంటే యజమాని అదే మేడలో కాపురం ఉండాలని షరతు. యజమానులేమో మేడలు అద్దెకిచ్చేసి గాలీ వెలుతురూ ఉన్న పేటలకు ఎప్పుడో వెళ్ళిపోయారు. అడిగే నాథుడు లేక డబ్బు అలాగే పడి ఉంటుంది, ఏడాది చివర పై ప్రభుత్వం ఖజానాకు తిరిగి పోతుంది. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే తంతు. ఇటు చూస్తే, వరదలో ఇళ్ళు పోయినవాళ్ళకు ఆర్నెల్ల కోసమని వేసిన రేకుల షెడ్లలో పుట్టిన పిల్లలు బడికి పోతున్నారు. మూతబడ్డ బస్సు డిపో స్థలంలో వాళ్ళకు చిన్న ఇళ్ళు కట్టడానికి ప్లాను సిద్ధంగా ఉంది, లేనిది డబ్బొక్కటే. వాడకుండా పడి ఉన్నది ఇటు మళ్ళించమని టైలరమ్మ తీర్మానం పెట్టింది. ఈ పూట నెగ్గితే నెగ్గినట్టు, లేకపోతే ఆ డబ్బు పోయినట్టే.

తీర్మానం చదవడం అయ్యీ కాకుండానే వాయిదాల పెద్దాయన లేచారు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఏ పనికైనా తొందర పడటమంటే ఆయనకు ఒంటికి పడదు, అంతే. ఆయన ఓటు వెనక ఇంకో అరడజను ఓట్లు నడుస్తాయి.

"కాగితం మీద అన్ని ఇళ్ళూ బాగానే ఉంటాయమ్మా. ఆ గీతలు చూస్తే నాకు ఇల్లు కనబడదు. వచ్చే సమావేశంలో నిదానంగా చూసుకుందాం" అన్నారు.

"ఇల్లు కనబడితే ఓటేస్తారా బాబాయిగారూ?"

"కనబడనీ, చూద్దాం."

"అయితే కిందికి రండి. పొద్దున్నే గీసి పెట్టాను."

సభ అంతా ముఖముఖాలు చూసుకుంది. టైలరమ్మ అప్పటికే తలుపు దగ్గర ఉంది. తన దుకాణంలో ఆమె పద్ధతే అది. కుట్టబోయేది ఎలా ఉంటుందో ఊహించుకోలేని మనిషి వస్తే మాటలతో విసిగించదు, గుడ్డ మీద సుద్దతో గీసి, ఆ గుడ్డ మనిషి మీదే వేసి అద్దం ముందు నిలబెడుతుంది.

ఆఫీసు ముందు ఆవరణలో వాచ్‌మన్‌ని బతిమాలి బండ్లన్నీ పొద్దున్నే పక్కకు తీయించి ఉంచింది. సిమెంటు నేల మీద సుద్దగీతలతో, అసలు కొలతల్లో ఇల్లు పరిచి ఉంది. ముందు గది, వెనక గది, వంటిల్లు, స్నానాలగది, కిటికీలు ఎక్కడొస్తాయో అక్కడ జంటగీతలు. ఒకాయన నేరుగా నడిచి వస్తుంటే టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది గోడండీ. గుమ్మం ఇటు."

ఆయన తడబడి, వెనక్కి వెళ్ళి, గుమ్మంలోంచే వచ్చారు. ఇంకొకాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, విడిచినందుకు తనే సిగ్గుపడ్డారు. మేయరమ్మ వంటింట్లో నిలబడి పొయ్యి ఉండే చోటికి చెయ్యి చాపి చూసుకున్నారు. "సరిపోతుంది. ఇద్దరు ఒకరినొకరు తోసుకోకుండా తిరగొచ్చు" అన్నారు. వాయిదాల పెద్దాయన కూడా వెనక గది మధ్యలో నిలబడి నాలుగు పక్కలా చూసి, "బాగానే కనబడుతోందే" అని ఒప్పుకున్నారు. టైలరమ్మ గుండె కాస్త కుదుటపడింది.

ఇదంతా మెట్ల మీద కూర్చుని ఒకామె చూస్తోంది. టైలరమ్మ అత్తగారు. కోడలు సభలో నోరు తెరుస్తుందో లేదో తన కళ్ళతో చూడాలని పొద్దున్నే వెంటపడి వచ్చింది. మనిషి పొడగరి, మాట అంతకన్నా పొడుగు. రేకుల షెడ్డులో వాళ్ళది ఒకటే గది. పగలు అదే దుకాణం, రాత్రి అదే పడక. ఒక గోడకు టైలరమ్మా, ఆమె మొగుడూ పడుకుంటారు. రెండో గోడకు కుట్టుమిషను, మిషను వదిలిన జాగాలో అత్తగారు. వచ్చిన కొత్తలో టైలరమ్మ మిషను బయట పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు. "నా మోకాళ్ళు చాపితే పోట్లు. ముడుచుకుంటేనే నాకు నిద్ర" అంది. అది మొదలు ఆమె ముడుచుకునే పడుకుంటోంది.

అప్పుడు వచ్చారు నగర ఇంజనీరు, చేతిలో స్టీలు టేపుతో. కొలతల దగ్గర ఆయనకు చుట్టమూ లేడు, పక్కమూ లేడు. వంగి ఒక గోడ కొలిచారు, రెండో గోడ కొలిచారు, చేతిలోని ప్లాను వైపు చూసి గొంతు సవరించుకున్నారు.

"టైలరమ్మగారూ, ఇది మన ప్లానులోని ఇల్లు కాదు. ప్రతి గదీ నాలుగు వైపులా జానెడు ఎక్కువుంది."

టైలరమ్మ వంగి గీత వైపు చూసుకుంది. నిజమే. పొద్దున కొలత పెట్టి, గుర్తు పెట్టి, గుర్తుకు జానెడు అవతలగా గీత లాగింది. గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టుకని వదిలినట్టు చెయ్యి తన అలవాటున తను వదిలేసింది. బుర్ర ప్లాను చూస్తూనే ఉంది, చెయ్యి మాత్రం దుకాణంలోనే ఉండిపోయింది.

"తప్పు నాదే. కుట్టుకు వదిలాను" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. వాయిదాల పెద్దాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశారా మరి. ఇంత ఇల్లు కట్టాలంటే ఆ డబ్బు చాలదు. ఆ డబ్బుకొచ్చే ఇల్లు ఎంతుంటుందో మనమింకా చూడనేలేదు. వచ్చే సమావేశానికి..."

"ఇప్పుడే చూద్దురుగాని. ఎవరూ కదలకండి" అంది టైలరమ్మ. ఆ గొంతు విని భోజనానికని మెట్ల వైపు తిరిగిన ఇద్దరు మళ్ళీ ఇటు తిరిగారు.

వాచ్‌మన్ దగ్గర బకెట్టు నీళ్ళు, తడిగుడ్డ అడిగి తెచ్చుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని తన గీతలు తనే తుడిచింది. "ఆ టేపు ఇటు పట్టుకుంటారా?" అని ఇంజనీరును అడిగింది. ఆయన కాదనలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, సుద్ద చెమటకు అరచేతులకంటుతోంది. ఒక్కొక్క గీతా జానెడు లోపలికి జరిగింది. వంటింట్లో ఇప్పుడు ఒక్కరే తిరగాలి. వెనక గదిలో గోడలు దగ్గరికొచ్చేశాయి. చూసేవాళ్ళ ముఖాల్లో ఇందాకటి కళ లేదు, అది ఆమెకూ తెలుస్తూనే ఉంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే గీత వంకర పోతుందని ఆపుకుంది.

ఆఖరి గీత కలిపి లేచి నిలబడింది. "ఇదీ ఇల్లు. ఇంతే ఇల్లు. డబ్బు దీనికి చాలుతుంది, ఇంజనీరుగారిని అడగండి."

"చాలుతుంది" అన్నారు ఇంజనీరు.

"మరీ అగ్గిపెట్టెలా ఉందమ్మా" అన్నారు వాయిదాల పెద్దాయన. ఈసారి ఎగతాళి కాదు, నిజంగానే బాధపడ్డారు. "ఇందులో మనుషులెలా ఉంటారు? ఇస్తే మంచిదే ఇవ్వాలి. ఆగితే..."

మెట్ల మీంచి అత్తగారు లేచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గుమ్మంలోంచే లోపలికొచ్చి, ముందు గది దాటి వెనక గదిలోకి నడిచింది. వాచ్‌మన్ గది నీడ ఆ మూలన కాస్త పడుతోంది. ఎవరినీ పలకరించలేదు. గోడ గీత పక్కన పడుకుంది.

పడుకుని కాళ్ళు చాపింది.

మోకాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా, తిన్నగా, నేలకు ఆనేలా సాగాయి. మడమల దగ్గర నుంచి గీత దాకా ఇంకా చోటుంది. ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలి కళ్ళు మూసుకుంది.

టైలరమ్మ చూస్తూ నిలబడిపోయింది. పోట్లూ లేవు, పాడూ లేదు. ఇన్నాళ్ళూ ఆ మాట పట్టుకుని తను మిషను కదపకుండా హాయిగా నిద్రపోయింది. ఊరందరి ఒంటి కొలతలూ వేళ్ళ చివర ఉన్న మనిషికి, తన పక్కనే పడుకున్న మనిషికి ఎంత చోటు చాలడం లేదో తెలియలేదు.

"ఆమె అక్కడ..." అని వాయిదాల పెద్దాయన మొదలుపెడుతుంటే మేయరమ్మ పెదవుల మీద వేలు పెట్టారు.

"నిద్రపోతున్నట్టుంది. గట్టిగా మాట్లాడకండి" అన్నారు.

ఆ సభలో ఓటంటే ఒక్కొక్కరు లేచి అవునో కాదో గొంతెత్తి చెప్పాలి. పడుకున్న మనిషి పక్కన నిలబడి గొంతెత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు. మేయరమ్మ గుసగుసగా తీర్మానం చదివారు. "వాడని నిధి డిపో ఇళ్ళకు మళ్ళించడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. చప్పుడు చెయ్యకుండా."

ముందు చెప్పులు విడిచినాయన ఎత్తారు. తరవాత ఒకటి, తరవాత నాలుగు. వాయిదాల పెద్దాయన పడుకున్నామె పాదాల వైపు చాలాసేపు చూశారు. ఆయన వెనకున్నవాళ్ళు ఆయన చెయ్యి వైపు చూశారు. ఆ చెయ్యి నెమ్మదిగానే లేచింది, ఆయన దేనికి తొందరపడ్డారు గనక. దాని వెంట మిగతావీ లేచాయి.

నెగ్గింది. చప్పట్లు కూడా కొట్టకుండా అందరూ కాళ్ళ చప్పుడు వినబడనీయక మెట్లెక్కారు. పోతూ పోతూ వాయిదాల పెద్దాయన సైతం గుమ్మంలోంచే బయటికెళ్ళారు.

టైలరమ్మ వెళ్ళి అత్తగారి పాదాల దగ్గర, గీతకూ మడమలకూ మధ్య మిగిలిన చోట కూర్చుంది.

"పడ్డాయా ఓట్లు?" కళ్ళు తెరవకుండానే అడిగింది అత్తగారు.

"పడ్డాయి. నువ్వు నిద్రపోలేదా?"

"అంతమంది చుట్టూ నిలబడితే నిద్రెలా పడుతుందే?"

"మోకాళ్ళ పోట్లన్నావు."

"మిషను ముందు గదిలో కిటికీ కింద పెట్టుకో. వెలుతురు బాగుంటుంది" అంది అత్తగారు. "లే, ఇంటికి పోదాం" అంటూ పక్కకు తిరిగి, అలవాటుగా మోకాళ్ళు ముడవబోయింది.

టైలరమ్మ సుద్ద అంటిన చేతులతో ఆ కాళ్ళు పట్టుకుంది.

"ముడవకత్తా. ఇంకాసేపు ఇలాగే ఉంచు."