బూడిద వేళ్లు

"ఆ దయ్యాన్ని గోడకు తిప్పి పెట్టు. పొద్దున్నే దాని మొగం చూస్తే అన్నం పుట్టదు" అని కదిరప్ప చెప్పులేసుకుని బయల్దేరాడు. మగ్గం దగ్గర అచ్చు ముందు కూర్చున్న తిరుపాలమ్మ తలూపింది. తిప్పి పెట్టే పనేమీ లేదు, రాత్రే ఆయన తిప్పి పెట్టాడు. అయినా చెప్పడం ఆయన అలవాటు, తలూపడం ఆమె అలవాటు.

దయ్యమంటే కూతురు భద్రి వేసిన బొమ్మ. అనంతపురంలో డ్రాయింగు టీచరు ట్రైనింగులో ఉందా పిల్ల. అక్కడ పిల్లల బొమ్మలన్నీ గోడలకు తగిలించి జనానికి చూపిస్తుంటే, వీళ్లకు పట్టు ఇచ్చి నేయించుకునే గంగాధరప్ప ఏదో పని మీద పోయి చూశాడట. చూసినవాడు ఊరకుంటాడా? ధర్మవరం వచ్చి నలుగురిలో నవ్వాడు. "ఏమప్పా కదిరప్పా, మీ పాప ఉరేసుకున్న ఆడదాన్ని గీసినాదే! ఇంట్లో పెండ్లాన్ని ఏం బాధలు పెడతాండావు?"

అంతే. కబురు పోయింది, నిన్న సాయంత్రం భద్రి బొమ్మతో సహా దిగింది. "ట్రైనింగూ లేదు, గీనింగూ లేదు. మీ అమ్మకు కండ్లు మసకేస్తాండాయి. రేపట్నుంచి పక్కన కూర్చోని అచ్చు అతుకు" అన్నాడు కదిరప్ప. పరీక్షలు దగ్గరకొచ్చాయి నాయనా అని భద్రి అంటే, గంగాధరప్ప ముందర నేను తలెత్తుకునేది యెట్ల అన్నాడు.

తిరుపాలమ్మకు ట్రైనింగు సంగతి ఆ తర్వాత. ఆమె చెవిలో ఉరి అన్న మాట ఒక్కటే గింగురుమంటోంది. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనీ, బిడ్డ దగ్గితే క్షయ అనీ అనుకునే మనిషి. చచ్చిపోవాలని మనసులో లేనిది ఆ పిల్ల అట్లాంటి బొమ్మ ఎందుకు గీస్తుంది? అడగడానికి భయం. అడిగితే గుర్తుచేసినట్టవుతుందేమో. అందుకే చెప్పకుండా బట్టలారేసే తాడు విప్పి బియ్యం డబ్బాలో దాచింది. కిరసనాయిలు డబ్బా పక్కింట్లో పెట్టి వచ్చింది. భద్రి ఇప్పుడు ట్యాంకరు దగ్గర నీళ్లకు పోయింది. వీధిలో బిందెల గొడవ వినిపిస్తున్నంతసేపూ ప్రాణం కుదుటగా ఉంది. గొడవ సద్దుమణిగితే గుండె జారుతోంది.

మగ్గం మీద పాత పడుగు అయిపోయేచోట కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే జతచేసి, వేళ్లకు బూడిద అద్దుకుని, మెలేసి అతకాలి. అచ్చు అతకడమంటే ఇదే. వేల పోగులు. ధర్మవరంలో మగ్గమున్న ఇంట్లో అది ఆడవాళ్ల పని. చీర మాత్రం మగవాడు నేసినట్టే లెక్క. "కూర్చోని దారాలు మెలేసేదానికి కూడా ఆయాసమేనా?" అనేది అత్త రామసుబ్బమ్మ. ఆ మాటన్న అత్త కూడా నడుము విల్లులా వంగిపోయేదాకా ఆ పనే చేసింది. పనిలో ఉండగా మధ్యలో లేస్తే పోగులు చిక్కుపడతాయని ఆకలైనా, ఇంకేమైనా ఓర్చుకుని కూర్చోవడం ఆమె దగ్గరే నేర్చుకుంది తిరుపాలమ్మ.

ఇవాళ లేచింది.

బొమ్మ వెనక వైపు మొదట కనిపించింది. చట్రానికి బిగించిన మోటు గుడ్డ. అలవాటుకొద్దీ వేలితో రాసి చూసింది, జనపనారలా గరుగ్గా ఉంది. తిప్పింది. తిప్పగానే కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచింది.

రంగులు కుంచెతో పూసినట్టు లేవు. గోడకు సున్నం మెత్తినట్టు కత్తితో మెత్తి, అక్కడక్కడ గీకేసినట్టున్నాయి. సగం బొమ్మను ఒక నల్లటి దిమ్మె ఆక్రమించింది. అది బండో, తలుపో, ఏనుగు వీపో అర్థం కాదు. కింద నేల ఎర్రగా వాలిపోయి, అందులోని మనిషి ఇప్పుడో ఇంకాసేపటికో జారిపడేటట్టుంది. ఆ మనిషికి మొహం లేదు. వంచిన నల్లటి తల, నడినెత్తిన నెత్తురు గాటు. మెడ మీదుగా తెల్లటి గీతలు. చేతులు మాత్రం చేటలంత. వేళ్లు బూడిదరంగులో, పీనుగు వేళ్లలా. "అయ్యో దేవుడా" అనుకుంది తిరుపాలమ్మ. గంగాధరప్ప చెప్పింది నిజమే.

కానీ బట్ట నేసే ఇంటి కన్ను ఊరుకోలేదు. ఉరితాడైతే పైనుంచి నిలువుగా దిగాలి. ఈ గీతలు అడ్డంగా పోతున్నాయి, రెండు కొసలా ఏదో పట్టి లాగుతున్నంత బిగువుగా. మెడను చుట్టలేదు, మెడ ముందు నుంచి పోతున్నాయి. దగ్గరదీ దూరందీ ఈ పిల్ల ఒకేచోట గీసింది గనుక మెడకు పడ్డట్టుంది. అవి పోగులు. మరి పీనుగైతే చెయ్యి మొత్తం ఆ రంగులో ఉండాలి కదా. ఇక్కడ బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే బూడిదరంగు. మిగిలిన చెయ్యి చామనఛాయ.

ఆమె బొమ్మ మీద ఆనించిన తన వేళ్లు చూసుకుంది.

"మా, నీళ్లు రెండు బిందెలే దొరికినాయి" అంటూ భద్రి లోపలికొచ్చి, తల్లి దేని ముందు నిలబడిందో చూసి ఆగిపోయింది.

"నువ్వు చచ్చిపోవల్లని అనుకుంటాండావా?" అంది తిరుపాలమ్మ.

"నేనా? నాకేం ఖర్మ?" బిందె దించి భద్రి నవ్వబోయి, తల్లి మొహం చూసి మానుకుంది. "అందుకేనా తాడు బియ్యం డబ్బాలో ఉండాది?"

"ఇది నేనా?"

"నువ్వే."

"మొగమేదే మరి? పైట కూడా సరిగ్గా ల్యాకుండా! జనం చూస్తే ఏమనుకుంటారు?"

"నువ్వు తలెత్తితే గదా మొగం కనపడేది? చిన్నప్పట్నుంచి బడి నుంచి వచ్చి నేనేం చెప్పినా నీ పాపిటికే చెప్పినా. అదో, కుంకుమ." నెత్తురు గాటు మీద వేలు పెట్టింది భద్రి.

"ఈ నల్లదేంది?"

"నువ్వు కూర్చునేచోటి నుంచి చూడు."

తిరుపాలమ్మ చూడక్కర్లేదు. పక్క మగ్గం గుంతలో కూర్చుని నేసే మొగుడి వీపు అక్కడి నుంచి ఎట్లా కనిపిస్తుందో ఆమెకు తెలుసు. వెలుతురంతా ఆయనకే పోతుంది. "ఈ మూల పసుపు?" అంది.

"ఏమోమా. ఆడ ఏం పెట్టల్నో తెలీలేదు. పసుపు పెట్టినా."

భద్రి కాళ్లు తుడుచుకుని అచ్చు ముందు కూర్చుంది. "నాయన వచ్చేలోగా కొంచెమన్నా అతకల్ల గదా" అని చిప్పలోని బూడిదలో రెండు వేళ్లు ముంచింది. తల వంచింది. నున్నగా తీసిన పాపిట మెరిసింది.

పుట్టినప్పటి నుంచీ ఈ బిడ్డ చచ్చిపోతుందేమోనని తిరుపాలమ్మ భయపడింది. ఇక్కడ కూర్చుని నూరేళ్లు బతుకుతుందేమోనన్న భయం ఇప్పుడే, ఇదే మొదటిసారి పట్టుకుంది. ఇది ఇంకా పెద్ద భయం.

"లెయ్. సంచి తీసుకో. పదిగంటల బస్సుంది."

"నాయన..."

"లెయ్యే!"

భద్రి సంచితో వాకిలి దగ్గరకొచ్చేసరికి కదిరప్ప పట్టు మూటతో ఎదురొచ్చాడు. "యాడికి?"

"ట్రైనింగుకు" అంది వెనకనుంచి తిరుపాలమ్మ. ఆయన మూట దించలేదు. వాకిలి నిండా నిలబడ్డాడు.

"ఎవర్నడిగి? ఉరేసుకున్న ఆడదాన్ని గీసి నా మానం తీసినాది చాలదా?"

"ఉరి కాదు. అచ్చు అతుకుతాండే ఆడది. నేను."

కదిరప్ప ఈసారి బొమ్మను నిజంగా చూశాడు. మొదట ఎగతాళిగా, తర్వాత కనుబొమలు ముడేసి. చాలాసేపు వెతికాడు. "దీంట్లో నువ్వు యాడుండావు?"

"ఇరవై ఏండ్లుగా నీ వెనకాలే ఉండా."

"బాగా నేర్పించినాది పాప!" మూట గట్టిగా కింద పడేశాడు. "అది పోతే అచ్చు ఎవరు అతుకుతారు? పండక్కు చీరలియ్యల్ల నేను. నీ కండ్లు ఎన్నాళ్లొస్తాయి?"

"వచ్చినన్నాళ్లు నేనతుకుతా" అంది తిరుపాలమ్మ. చెయ్యెత్తుతాడేమో, మూటతో గంగాధరప్ప దగ్గరకు తిరిగిపోతాడేమో, వీధంతా గుమిగూడుతుందేమో. అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. అయినా మాట ఆగలేదు. "కానీ ఒకటి చెప్తాండా. ఈ అచ్చు మీద దాని చెయ్యి పడిందంటే, ఇంక నా చెయ్యి పడదు."

కదిరప్ప సగం అతికిన పడుగు వైపు చూశాడు. మిగిలిన పోగుల వైపు చూశాడు. వాకిట్లోంచి జరగనూ లేదు, అడ్డం రానూ లేదు. భద్రి పక్కకు తిరిగి, సంచి గుండెకు హత్తుకుని, ఆయనకూ గడపకూ మధ్య సందులోంచి బయటపడింది.

"ఇంక కూర్చో" అన్నాడాయన.

రోడ్డు మీద బస్సు కదిలిన చప్పుడు వినేదాకా తిరుపాలమ్మ కూర్చోలేదు.